బరువు గాల్లో ఉన్నప్పుడు

నన్ను అందరూ మైకు మేస్త్రి అంటారు. అనేవాళ్ళు అనాలేమో ఇప్పుడు. ఐదో అంతస్తు మీద నిలబడి నేనొక్క కేక వేస్తే కింద ఇసుక జల్లించేవాడు జల్లెడ వదిలేసి పైకి చూసేవాడు. పక్కవీధి సైటులో వాళ్ళు కూడా ఉలిక్కిపడేవాళ్ళు, తిట్టింది వాళ్ళ మేస్త్రే అనుకుని. అలాంటి గొంతును డాక్టర్లు కోసి తీసేశారు. లోపల గడ్డ లేచిందట, తియ్యకపోతే మనిషే దక్కడట. మనిషి కావాలా గొంతు కావాలా అంటే మా ఆవిడ క్షణం ఆలోచించకుండా మనిషే కావాలంది. నన్నడిగి ఉంటే కాసేపు ఆలోచించేవాణ్ణి.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఒక పలక, ఒక గంట చేతిలో పెట్టారు. చెప్పాల్సింది పలక మీద రాయాలి, ఎవరినైనా పిలవాలంటే గంట కొట్టాలి. గంట చూడగానే నాకు ఒళ్ళు మండింది. నేనేమన్నా తప్పిపోయే గొడ్డునా, గంట కట్టడానికి? తీసుకెళ్ళి అటక మీద పడేశాను. పలక మాత్రం తప్పలేదు. దాంతో వచ్చిన చిక్కేమిటంటే, మా ఆవిడకు కళ్ళజోడు లేనిదే అక్షరం ఆనదు. కోపంతో సుద్దముక్క విరిగేలా రాసి పలక ముఖం ముందు పెడితే, "ఉండు ఉండు, జోడు ఎక్కడ పెట్టానో," అంటూ ఇల్లంతా వెతికేది. అది దొరికేలోపు నా కోపం చల్లారిపోయేది. ఆవిడ తీరిగ్గా కూడబలుక్కుని చదివి, "కూరలో ఉప్పెక్కువైందా? సర్లే, రేపు తగ్గిస్తాలే," అనేది. చల్లారిపోయాక చదివితే అదేం తిట్టండీ? వేడిమీద పడితేనే తిట్టుకు రుచి.

మేం కడుతున్నది గ్రంథాలయం. గమ్మత్తు చూడండి, రేపు తలుపులు తెరిచాక 'మాట్లాడరాదు' అని బోర్డు పెట్టే భవనం అది. దాన్ని నేను పునాది నుంచి మూడో అంతస్తు దాకా అరిచి అరిచి లేపాను. పని మొదలైన కొత్తలోనే మా సైటు ఇంజనీరమ్మ డిజిటల్ డైరీ అని ఒకటి తెచ్చింది. చిన్న పిల్ల. మాకు పిల్లలు పుట్టి ఉంటే ఆ వయసుకొచ్చి ఉండేవాళ్ళు. కంపెనీ పై ఆఫీసు ఎక్కడో దూరాన ఉంటుంది, వాళ్ళు సైటు ముఖం చూసేది ఎప్పుడో అమావాస్యకీ పున్నానికీ. అందుకని ఆ రోజు ఎంత కాంక్రీటు పడింది, ఏ పిల్లరు ఎంత లేచింది, ఎవరు వచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు, అన్నీ ఫొటోలతో సహా డైరీలో పెడితే వాళ్ళు అక్కడ కుర్చీలోంచి కదలకుండా చూసుకుంటారు.

"రోజూ సాయంత్రం మీరే రాయాలి మేస్త్రి గారూ," అని ఫోను నా చేతికిచ్చింది.

"ఈ వేళ్ళతోనా? ఒకటి నొక్కితే నాలుగు పడతాయమ్మా."

"అయితే మాట్లాడండి. వీడియోలో చెప్పెయ్యండి, అదే ఉండిపోతుంది."

మాట్లాడమంటే నాకేం భయం? మొదటిరోజు ఫోను ఎదురుగా పెట్టుకుని మొదలుపెట్టేసరికి ఆ పిల్ల రెండు చెవులూ మూసుకుంది. "ఫోను దగ్గరే ఉంది మేస్త్రి గారూ, దానికి వినబడుతుంది," అంది. "ఫోనుకు వినబడుతుందమ్మా, అంత దూరాన పై ఆఫీసుకు వినబడొద్దూ?" అన్నాను. నవ్వాపుకోలేక ఇటుకల మీద కూలబడింది. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం ఆ డైరీలో నా గొంతు పడుతూనే ఉంది. పునాది, పిల్లర్లు, మొదటి స్లాబు, రెండో స్లాబు. మూడో అంతస్తు సెంట్రింగు చెక్కలు కొట్టేనాటికి గొంతు బొంగురుపోయింది. సిమెంటు దుమ్మేలే అనుకున్నాను. మా ఆవిడే ముందు పసిగట్టింది. "నీ గొంతులో ఇంకెవరో మాట్లాడుతున్నారయ్యా, వెళ్ళి చూపించుకో," అని పోరి పోరి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

ఆపరేషనయ్యాక పని మానేద్దామనుకున్నాను. గొంతులేని మేస్త్రి చక్రంలేని బండిలాంటివాడు కదా. ఇంజనీరమ్మ ఊరుకోలేదు. ఇంటికొచ్చి ఒక ట్యాబు ఇచ్చి, "మనిషి ఇంట్లో ఉన్నా కళ్ళు సైటులో ఉండొచ్చు," అంది. మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, నా చేతికింద పనిచేసినవాడే, రోజూ పొద్దున్నే అవే చోట్ల నిలబడి ఫొటోలు తీసి డైరీలో పెడతాడు. నేను కిటికీ పక్కన కూచుని ఒక్కొక్కటే పెద్దది చేసి చూసి, కింద రాస్తాను. ఫలానా గోడ వంకర. ఫలానా చోట నీళ్ళు కొట్టలేదు. ఒంటివేలితో, కోడి గింజ పొడిచినట్టు.

ఆ వేలితో ఒకసారి పరువు కూడా తీసుకున్నాను. నాలుగో అంతస్తు మెట్ల పక్క గోడకు ఫొటోలో ఇంత పొడుగు పగులు కనిపించింది. పని ఆపండి, ఎవరూ మెట్లెక్కొద్దు అని రాసి పంపాను. సగం పూట సైటు నిలిచిపోయింది. ఇంజనీరమ్మ పరుగెత్తింది, పై ఆఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. తీరా చూస్తే పగులూ లేదు, పాడూ లేదు. బావమరిది ఫోను కెమెరా అద్దానికి వెంట్రుక అంటుకుంది. సైటంతా పడి పడి నవ్వారట. "బావా, నా వెంట్రుకను నువ్వు పీకలేకపోయావు గానీ పని మాత్రం ఆపగలిగావు!" అని వాడు ఇంటికొచ్చి మరీ వెక్కిరించాడు. ఎంత తిట్టాలనిపించిందో! పలక తీసుకునేసరికి గుమ్మం దాటిపోయాడు.

ఇలా రోజులు గడుస్తుండగా ఒక మధ్యాహ్నం వాడు మళ్ళీ వచ్చాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ వంటింట్లో కూచుని టీ తాగుతున్నారు. నేను ముందుగదిలో కునుకు తీస్తున్నాననుకున్నారు. గొంతు పోయింది గానీ నాకు చెవులు పోలేదు కదా.

"ఒరే తమ్ముడూ, నీకో మాట చెప్తాను, మీ బావతో అనకు," అంది మా ఆవిడ. "నిన్న మిషను కుడుతూ మీ బావ గొంతు ఒకసారి గుర్తు చేసుకుందామనుకున్నాను. రాలేదురా. మాటలన్నీ గుర్తున్నాయి. గొంతు రావట్లేదు. ఎవరిదో గొంతు వస్తోంది."

"అదేంటక్కా, అంత గొంతు ఎలా మర్చిపోతావు?"

"అదే నాకూ భయంగా ఉంది. మనిషి ఎదురుగా కూచునే ఉన్నాడు, నేనేమో ఆ గొంతును పోగొట్టుకుంటున్నాను."

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. కళ్ళలోంచి నీళ్ళు కారి దిండు తడిసింది. మా ఆవిడ నన్ను చేసుకుందే గొంతు చూసి. ఆ సంగతి తెలిస్తేగానీ ఆ మాటకు నాకెంత నొప్పి పుట్టిందో మీకు తెలియదు.

అప్పట్లో ఇప్పటిలా బొత్తాం నొక్కితే పైకెళ్ళే లిఫ్టులు లేవు. నేల మీద వించి ఉండేది. తాడు చుట్టుకునే పెద్ద డ్రమ్ము, ఒక డీజిలు ఇంజను, ఒక లివరు, ఒక బ్రేకు. మా ఆవిడ వాళ్ళ నాన్న ఆ వించి నడిపేవాడు. ఆయనకు చూపు మందగించాక లివరు కూతురి చేతికొచ్చింది. నేను పైన అంచు మీద నిలబడి కేక వెయ్యాలి, తను కింద నడపాలి. ఎత్తూ అంటే ఎత్తాలి, మెల్లిగా అంటే మెల్లిగా, ఆపు అంటే ఆపాలి. పైనుంచి నాకు ఆ పిల్ల తలకు చుట్టిన ఎర్ర గుడ్డ తప్ప ఇంకేం కనబడదు. కిందనుంచి తనకు అంచు మీద నా అరికాళ్ళు తప్ప ఏం కనబడవు. అరికాళ్ళు చూసి ఎవరైనా పెళ్ళికి ఒప్పుకుంటారా? గొంతు విని ఒప్పుకుంది. పెళ్ళిచూపుల్లో తలెత్తి నన్ను చూసి, "గొంతంత పొడుగు లేడే!" అందట వాళ్ళమ్మతో.

ఆ పనికి మా పెద్ద మేస్త్రి నేర్పిన పద్ధతులు కొన్ని ఉండేవి. ఎత్తు, దించు అన్న మాటలు ఒక్క గొంతువే వినాలి, పక్కవాడు ఎంత మొత్తుకున్నా పట్టించుకోకూడదు. ఆపు అన్నమాట మాత్రం దారినపోయే దానయ్య అన్నా ఆపెయ్యాలి. ఇంజను హోరులో కిందివాళ్ళ మాట పైకి రాదు కాబట్టి జవాబు రాడ్డుముక్కతో ఇనుప స్తంభం మీద కొట్టాలి. ఒక దెబ్బ అంటే విన్నాను. రెండు దెబ్బలంటే బరువు క్షేమంగా దిగింది. అన్నిటికంటే పెద్ద పద్ధతి ఇంకొకటి. బరువు గాల్లో ఉన్నంతసేపు పని మాట తప్ప మరో మాట నోట్లోంచి రాకూడదు. తిట్టు రాకూడదు, నవ్వు రాకూడదు, తుమ్మొస్తే మింగాలి. కింద పెట్టాక ఎన్ని బూతులైనా తిట్టుకో, నీ ఇష్టం.

తను ఎప్పుడూ ఒక్క దెబ్బకు ఆలస్యం చెయ్యలేదు. ఆపు అన్నాక తాడుకు వేలాడే కాంక్రీటు తొట్టి గోరంత కూడా జారేది కాదు. అందుకే సైటులో అందరూ తనను బ్రేకు అనేవాళ్ళు. పెళ్ళయ్యాక నాకూ అదే నోటికొచ్చేసింది. ఎండలో, గాలిలో, పైన నేను, కింద తను, ఎన్ని భవనాలు లేపామో! ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒంట్లోకి బలం వచ్చినట్టుంటుంది. బొత్తాం లిఫ్టులొచ్చాక వించి మూలపడింది, తను కుట్టుమిషను ముందు కూచుంది. ఈ గ్రంథాలయం సైటుకైతే ఒక్కసారి కూడా రాలేదు.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ మాట విన్నాక నాకు ముందు గుర్తొచ్చింది డైరీయే. ఇంట్లో మా దగ్గర పెళ్ళి ఫొటో ఒకటి ఉంది, అది మాట్లాడదు. నా గొంతు ఈ భూమ్మీద ఎక్కడైనా మిగిలి ఉందంటే ఆ డైరీలోనే ఉంది. ట్యాబు తీసి ఇంజనీరమ్మకు రాశాను, పాత వీడియోలు నాకు కావాలని. జవాబు వెంటనే వచ్చింది.

శుక్రవారం సాయంత్రం డైరీ మూసేస్తున్నారు. పనైపోయింది, భవనం అప్పగించేస్తున్నారు. డైరీని గ్రంథాలయం వాళ్ళు లోపల ఒక తెర మీద పెడతారట, భవనం ఎలా లేచిందో వచ్చినవాళ్ళు చూడ్డానికి. అందుకని శబ్దమంతా తీసేసి బొమ్మలే ఉంచుతారట.

శబ్దం ఎందుకు తీసెయ్యడం అని అడిగాను.

ఆ పిల్ల ఫోను చేసి నెమ్మదిగా చెప్పింది. "మేస్త్రి గారూ, కోప్పడకండి. అందులో మీరు మాట్లాడిన భాష... అక్కడికి చిన్నపిల్లలు కూడా వస్తారు కదా."

నిజమే కదా. నేను చెప్పే ప్రతి ముక్కలోనూ ఎవడో ఒకడి వంశం ఉంటుంది.

"మా ఆవిడ కోసం," అని ఒక్క ముక్క రాశాను. ఆ పిల్ల పై ఆఫీసుతో ఏం మాట్లాడిందో, ఎలా ఒప్పించిందో నాకు తెలియదు. సాయంత్రానికి కబురు పెట్టింది. కంపెనీ డైరీలోంచి దేన్నీ బయటికివ్వకూడదట, కానీ నా కోసం ఒక్క వీడియో ఇస్తారట. ఒకే ఒక్కటి. అందులో తిట్టు ఉండకూడదు. ఏది కావాలో నన్నే ఎంచుకోమంది, శుక్రవారం మధ్యాహ్నంలోపు.

ఈ సంగతి విని బావమరిది తేలిగ్గా తీసేశాడు. "దీనికింత తంటా ఎందుకు బావా? నువ్వు ట్యాబులో పెట్టు, నేను పక్కన నా ఫోన్లో పట్టేస్తా. అన్నీ వచ్చేస్తాయి."

పలక మీద పెద్ద అక్షరాలతో రాశాను: నా గొంతు నేను దొంగతనంగా ఎత్తుకెళ్ళాలట్రా సన్నాసీ? ఆ పిల్ల నన్ను నమ్మి డైరీ తాళం ఇచ్చింది. వాడు చదివి తల గోక్కున్నాడు.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పునాది నుంచి మొదలుపెట్టాను. ముందుగదిలో నేను, నా వెనక మా ఆవిడ మిషను చప్పుడు. ఆవిడకేం తెలియదు. ఎప్పట్లా ఫొటోలు చూస్తున్నాననుకుంది.

అబ్బ, ఏం గొంతండీ అది! నాదని చెప్పుకోవడం కాదు గానీ, వింటుంటే వెన్ను నిటారుగా అయింది. పునాది గుంటలోకి వర్షం నీళ్ళు వచ్చిన రోజు, మోటారు పెట్టినవాణ్ణి తిట్టిన తిట్టు విని నాకే నవ్వొచ్చింది. మొదటి పిల్లరు చెక్కలు విప్పిన రోజు, తేనెపట్టులా చిల్లులు పడి ఉంటే కాంక్రీటు కూరినవాణ్ణి వాడి ముత్తాత దాకా తీసుకెళ్ళాను. వాన, ఎండ, దుమ్ము, మధ్యలో టీ గ్లాసుల చప్పుడు, ఎవడో వెనక ఈలవెయ్యడం, వాణ్ణి నేను "ఒరే దున్నపోతా, ఈల తర్వాత, ముందు నీళ్ళు కొట్టు!" అనడం. అందులో ఉన్నవాళ్ళు సగంమంది వేరే సైట్లకు వెళ్ళిపోయారు. వాళ్ళందరినీ ఒక్కసారి మళ్ళీ వరసగా నిలబెట్టి తిట్టాలనిపించింది.

ఒక వీడియో బాగుందనుకున్నాను. రెండో స్లాబు పడిన సాయంత్రం. ఆకాశం ఎర్రగా ఉంది. "ఈరోజు స్లాబు బ్రహ్మాండంగా పడింది," అని ఎంతో మర్యాదగా మొదలుపెట్టాను. అమ్మయ్య అనుకున్నాను. అంతలో ఎవడో తడి స్లాబు మీద చెప్పులతో నడిచాడు. అయిపోయింది. అక్కణ్ణుంచి చివరిదాకా వాడి చెప్పుల గురించే.

బుధవారం పోయింది. గురువారం పోయింది. రెండో అంతస్తు అయిపోయి మూడోదానికి వచ్చాను. గొంతు బొంగురుపోవడం మొదలైంది. వీడియో వీడియోకూ జీర పెరుగుతోంది. ఆ రోజుల్లో నాకు తెలియలేదు గానీ, వరసగా వింటుంటే దీపంలో నూనె అయిపోతున్నట్టు తెలిసిపోతోంది. ఇంక నాలుగైదు వీడియోలే మిగిలాయి. ఆ తర్వాతవన్నీ ఒంటివేలి అక్షరాలే. ఇన్నాళ్ళూ ఇంత మాట్లాడి, పెళ్ళాం దాచుకోవడానికి తిట్టులేని ఒక్క ముక్క లేదా నా నోట్లో? ఇదేం నోరు!

శుక్రవారం పొద్దున కూచున్నప్పుడు నా వీడియోల మధ్యలో నేను తియ్యనిది ఒకటి కనిపించింది. ఇంజనీరమ్మ తీసింది. కింద 'కరెంటు పోయిన రోజు' అని రాసి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు కరెంటు పోయి లిఫ్టు ఆగిపోయింది. మూడో అంతస్తు పైన పని సగంలో ఉంది, కలిపిన కాంక్రీటు కింద గట్టిపడిపోయేలా ఉంది. స్టోరు రూములో తుప్పుపట్టి పడి ఉన్న పాత వించిని బయటికి లాగించి, నూనె పోసి, బావమరిదిని లివరు దగ్గర నిలబెట్టి నేను అంచు మీదకెక్కాను. ఆ పిల్ల ఎప్పుడూ వించి చూడలేదు కాబట్టి ముచ్చటపడి వీడియో తీసింది.

పెట్టి చూశాను. ముందు గాలి చప్పుడు. కింద ఇంజను. తర్వాత నేను. "ఎత్తూ..." గొంతు జీరబోయింది గానీ నిండుగా ఉంది. "ఎత్తూ... ఎత్తూ... మెల్లిగా... మెల్లిగా..." తొట్టి ఊగుతూ పైకి వస్తోంది. ఒక్క తిట్టు లేదు. ఎందుకుంటుంది? బరువు గాల్లో ఉంది.

"ఆపు."

తొట్టి ఆగింది. నేను చెయ్యి చాచకుండా నిలబడే ఉన్నాను. కిందనుంచి దెబ్బ రావాలి. దెబ్బ వస్తేగానీ తొట్టి ముట్టుకోకూడదు, నాకు అలవాటు. బావమరిదికి ఆ పద్ధతి ఎవరు నేర్పారు? బొత్తాలు నొక్కిన చేతులు వాడివి. దెబ్బ రాలేదు.

అప్పుడు వీడియోలో నా గొంతు పిలిచింది. "బ్రేకూ... విన్నావా?"

నేను అలా అన్నానని నాకు గుర్తే లేదు. కిందనుంచి సమాధానం లేదు, గాలి ఒక్కటే. మళ్ళీ పిలిచాను. "బ్రేకూ, విన్నావా?"

తర్వాత ఎక్కడో దూరంగా బావమరిది పగలబడి నవ్వడం, "బావా, అక్క ఇక్కడ లేదు, ఇంటి దగ్గరుంది!" అని అరవడం, సైటంతా ఘొల్లుమనడం. తెరమీద నేను పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. ఎంత కోపమొచ్చి ఉంటుందో నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. తొట్టి ఇంకా గాల్లోనే ఉంది. వీడియో అక్కడితో అయిపోయింది.

ఇంజనీరమ్మకు రాయడానికి వేలెత్తాను. మళ్ళీ దించేశాను. ఇది ముందు వినాల్సింది ఆ పిల్ల కాదు. ఇయర్‌ఫోన్లు పీకేశాను. శబ్దం ఆఖరిదాకా పెంచి, ట్యాబును బల్లమీద నిలబెట్టి మొదటినుంచి పెట్టాను.

మా ఆవిడ నాకు వీపు పెట్టి దిండు గలీబులు కుడుతోంది. మిషను గడగడా పోతోంది.

"ఎత్తూ..."

ఆవిడ భుజాలు ఒక్కసారి లేచాయి. వెనక్కి తిరగలేదు. కాలు తొక్కుతూనే ఉంది.

"ఎత్తూ... ఎత్తూ... మెల్లిగా..."

మిషను నెమ్మదించింది. నిజంగా నెమ్మదించింది. కుట్టు కుట్టుకూ మధ్య చప్పుడు విడివిడిగా వినబడుతోంది.

"ఆపు."

కాలు ఆగిపోయింది. చెయ్యి మిషను చక్రాన్ని పట్టేసింది. ఇంట్లో ఇంకేం చప్పుడు లేదు, ట్యాబులో గాలి తప్ప.

"బ్రేకూ... విన్నావా?"

ఆవిడ ఎడమ చెయ్యి బట్టల కింద తడుముకుంది. కత్తెర దొరికింది.

"బ్రేకూ, విన్నావా?"

ఠంగ్. మిషను ఇనుప కాలి మీద కత్తెరతో ఒక్క దెబ్బ.

ఆ తర్వాత తమ్ముడి నవ్వులూ కేకలూ ఆవిడకు వినబడ్డాయో లేదో. అలాగే చక్రం పట్టుకుని కూచుంది, వీపు మాత్రం వణుకుతోంది. నేను లేచి వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆపరేషన్లో మెడ దగ్గర పెట్టిన చిల్లులోంచి నా ఊపిరి ఈలలా వస్తోంది. నాకూ ఏడుపే.

"ఇదే," అంది ఎప్పటికో. "ఇదేనయ్యా. ఇన్నాళ్ళూ ఎవరిదో గొంతు వచ్చింది. ఇది నీది." కొంగుతో ముఖం తుడుచుకుని నా వంక చూసింది. "నేను లేనిచోట నన్ను పిలిచావా?"

తలూపాను.

"ఆ సన్నాసి ఒక్క దెబ్బ కొట్టలేకపోయాడా! నేనుంటేనా..." అని మళ్ళీ ఏడ్చింది. తర్వాత, "ఇంకోసారి పెట్టు," అంది. పొయ్యి మీద టీ నీళ్ళు ఇగిరిపోయి గిన్నె మాడే వాసన వచ్చేదాకా పెడుతూనే ఉన్నాను.

మధ్యాహ్నంలోపే ఇంజనీరమ్మకు రాశాను, సాయంత్రానికి వీడియో మా ఆవిడ ఫోనుకు వచ్చింది. ఆ సాయంత్రమే డైరీలో శబ్దం పోయింది. నా తిట్లన్నీ పోయాయి. పోతే పోయాయి వెధవ తిట్లు. మా ఆవిడ మాత్రం ఆ వీడియోను ఎప్పుడు పడితే అప్పుడు పెట్టదు. ఎక్కువసార్లు పెడితే అరిగిపోతుందట! ఫోనులో అరగదే పిచ్చిదానా అని ఎన్నిసార్లు పలక మీద రాశానో. కళ్ళజోడు దొరకదు ఆవిడకు.

గ్రంథాలయం తెరిచాక ఒక ఉదయం ఇద్దరం చూడ్డానికి వెళ్ళాం. లోపల తెర మీద మా డైరీ నడుస్తోంది. పిల్లర్లు లేస్తున్నాయి, స్లాబులు పడుతున్నాయి, నేను నోరంతా తెరిచి ఏదో అంటున్నాను, మాట లేదు. ఒక చిన్న పాప దాని ముందు నిలబడి, "ఈ తాతయ్య పాట పాడుతున్నాడు," అని వాళ్ళమ్మకు చూపించింది. ఎంత మంచి పిల్లో!

మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేనంది. నేనొక్కణ్ణే మెల్లిగా మూడో అంతస్తుకు ఎక్కి, రెయిలింగు పట్టుకుని కిందికి చూశాను. మెట్ల మధ్య ఖాళీలోంచి అక్కడ ఆవిడ కనిపించింది. తలెత్తి చూస్తోంది. అంచు మీద నా అరికాళ్ళు వెతుక్కుంటోందని నాకు తెలుసు.

"ఏమయ్యా! జాగ్రత్తగా దిగు, విన్నావా?" అని కేకేసింది. నాతో కాపురం చేసిన మనిషి కదా, ఆమె కేక కూడా ఏం తక్కువది కాదు. పుస్తకాల్లోంచి తలలన్నీ లేచాయి.

నేను జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి రెయిలింగు మీద ఒక్క దెబ్బ కొట్టాను. ఠంగుమని భవనమంతా మోగింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి పెదాల మీద వేలు పెట్టి, "ఇక్కడ చప్పుడు చెయ్యకూడదండీ!" అని నన్ను కసిరాడు. ఆపరేషనయ్యాక నన్నొకడు నోరు ముయ్యమనడం అదే మొదలు. వాణ్ణి కావలించుకోవాలనిపించింది.

ఒక్కో మెట్టూ దిగి కిందికి వచ్చాను. చివరి మెట్టు మీదినుంచి నేల మీద కాలు పెట్టగానే మా ఆవిడ నా చేతిలో తాళంచెవి లాక్కుంది. వాచ్‌మన్ చూస్తుండగానే రెయిలింగు మీద రెండు దెబ్బలు కొట్టింది.